కడిగిన సంచి, దించిన మాస్కు

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. రెండు రోజులకు జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఏడాది పొడుగునా యాత్రికులతో కిటకిటలాడే తిరుపతిలో గాంధీ రోడ్డు, తీర్థకట్ట వీధి బోసిపోయాయి. బస్సు లేదు, రైలు లేదు, కొండ లేదు, పెళ్లి లేదు, సినిమా లేదు. చట్టం ఒప్పుకునేలా జనం ఒకచోట చేరడానికి మిగిలినవి సరుకుల అంగడి, కూరగాయల మార్కెట్టు, పాల బూతు, మందుల షాపు. అందులో మనిషి ఎక్కువసేపు నిలబడేది మొదటి రెండింటి దగ్గరే. కాబట్టి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కోవిడ్ కాలపు జాగ్రత్తలు ఎంతవరకు పనిచేశాయో తెలియాలంటే ఆసుపత్రితో పాటు అంగడి గుమ్మాన్ని కూడా చూడాలి.

అక్కడ జనం జాగ్రత్త పడలేదని ఎవరూ అనలేరు. భయం నిండుగా ఉంది, శ్రమా పడ్డారు. కాకపోతే ఆ శ్రమలో పెద్దభాగం తెచ్చుకున్న సరుకు మీద పోయింది. సరుకు కొనేటప్పుడు కౌంటరు ముందు గడిపిన పది నిమిషాలకు అందులో నాలుగో వంతైనా దక్కలేదు.

మొదటి రెండు నెలలు ఇంటింటా జరిగిన తంతు చాలామందికి గుర్తుండే ఉంటుంది. సంచి గుమ్మం బయటే దించాలి. పాల ప్యాకెట్టు సబ్బు నీళ్లలో మునగాలి. కందిబేడల పొట్లం, ఉప్పు ప్యాకెట్టు మిద్దె మీద ఎండకు పడుండాలి. టమోటాలు ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లలో నానాలి. ఎర్రగడ్డలకు పైపొర ఎలాగూ ఒలుస్తాం కదా అని కొంచెం మినహాయింపు. నోట్లకు ఇస్త్రీ పెట్టినవాళ్లున్నారు, కొత్తిమీర కట్ట మీద శానిటైజర్ కొట్టి ఆ పూట చారంతా పారబోసుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ పనంతా ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడింది. ఆ గంటలను ఎవరూ లెక్కగట్టలేదు.

ఈ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2020 మార్చి మధ్యలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ప్రయోగశాల ఫలితం వచ్చింది. ప్లాస్టిక్ మీద, స్టీలు మీద వైరస్ రెండు మూడు రోజుల దాకా, అట్ట మీద 24 గంటల దాకా, రాగి మీద 4 గంటల దాకా బతికి ఉందని అందులో ఉంది. మన టీవీల్లో 72 గంటలు అన్న అంకె ఒక్కటే మోగింది. అది ఆఖరి ఆనవాలు కనిపించిన సమయం. ప్లాస్టిక్ మీద కూడా దాదాపు ప్రతి ఏడు గంటలకు వైరస్ సగానికి సగం పడిపోతూ వచ్చిందన్న ముక్క వార్తల్లోకి రాలేదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, అదే ప్రయోగంలో గాలిలో తేలే సన్నటి తుంపరల్లోనూ వైరస్‌ను పరీక్షించారు. ప్రయోగం సాగిన 3 గంటలూ అది బతికే ఉంది. ఒకే కాగితం మీద ఉన్న రెండు ఫలితాల్లో పొట్లానికి సంబంధించింది ఇంటింటికీ చేరింది. గాలికి సంబంధించింది మాత్రం ఏడాది పాటు నిపుణుల వాదనల్లోనే ఉండిపోయింది. మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థే కోవిడ్ గాలి ద్వారా వచ్చేది కాదని గట్టిగా ప్రకటించింది. గాలిలో తేలుతూ వ్యాపించగలదని తన పేజీలో స్పష్టంగా రాసుకోవడానికి దానికి 2021 ఏప్రిల్ ఆఖరు వరకు పట్టింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కూడా ఆ నెలలోనే, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే జబ్బు అంటే అవకాశం 10,000లో ఒకటికన్నా తక్కువేనని చెప్పింది.

కూరగాయల విషయంలో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మొదట్లోనే సరైన మాట చెప్పింది. మంచినీళ్లతో కడగండి, కావాలంటే కొద్దిపాటి క్లోరిన్ కలిపిన గోరువెచ్చని నీళ్లు వాడండి, సబ్బూ శానిటైజరూ తినే వాటి మీద వద్దు అని. ఆ మాట వాట్సాప్‌లో పోటీకి నిలవలేదు.

చేతులు కడుక్కోవడం వృథా అని దీని అర్థం కాదు. విరేచనాలకూ కళ్లకలకకూ అది ఎప్పుడూ మంచిదే. ఇక్కడ లెక్కంతా పాళ్ల గురించి. మనిషికి ఉండే ఓపిక పరిమితం. దానిలో ఎక్కువ భాగం పొట్లం తుడవడానికి పోతే, అంగట్లో నిలబడినప్పుడు చూసుకోవడానికి మిగిలేది తక్కువ. పైగా ఇంటికొచ్చాక కడుక్కుంటాం కదా అన్న ధైర్యం అక్కడ ఇంకో ఐదు నిమిషాలు నిలబెట్టేది కూడా.

ఇప్పుడు అంగడి వేళలు. లాక్‌డౌన్ మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో నిత్యావసరాలకు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా అనుమతి ఉండేది. మార్చి ఆఖరుకు పట్టణాల్లో దాన్ని ఉదయం 11 వరకే అని కుదించారు. కేసులు పెరగడంతో ఆ ఏడాది జులై 21 నుంచి తిరుపతిలో విడిగా ఆంక్షలు పెట్టినప్పుడూ ఉదయం 11 లోపే అన్నారు. 2021 మే 5 నుంచి రాష్ట్రమంతా పగటి కర్ఫ్యూ వచ్చినప్పుడు మధ్యాహ్నం 12 దాకా ఇచ్చారు. ఉద్దేశం అర్థమైనదే. తెరిచి ఉన్న సమయం తగ్గితే బయట తిరిగే సాకు తగ్గుతుంది, పోలీసులకు కాపలా సులువు. అయితే జనం తినే బియ్యం తగ్గవు, కొనే నూనె తగ్గదు. అదే సరుకు, అంతే మంది, తక్కువ గంటలు.

దీన్ని చిన్న లెక్కగా వేసి చూడవచ్చు. చిత్తూరు చర్చి వీధిలో ఒక మోస్తరు అంగడికి రోజుకు 200 మంది వస్తారనుకుందాం. మామూలు రోజుల్లో పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా, అంటే 14 గంటలు తెరిచి ఉంటుంది. గంటకు సగటున 14 మంది. ఒక్కొక్కరు పది నిమిషాలు ఉంటే, ఏ క్షణంలో చూసినా కౌంటరు ముందు ఇద్దరు ముగ్గురికి మించరు. అదే 200 మందిని 5 గంటల్లోకి నెడితే గంటకు 40 మంది, ఏ క్షణంలోనైనా ఆరేడుగురు. ఇది సగటు మాత్రమే. ఆరు గంటలకు తలుపు తీయగానే వచ్చే తొక్కిడి, పదిన్నరకు షట్టర్ పడిపోతుందేమోనని పరుగెత్తుకొచ్చే తొక్కిడి వేరు. ఏడుగురు నిలబడిన చోట ఒక్కొక్కరి చుట్టూ ఆరుగురున్నట్టు, ఇద్దరే ఉంటే ఒక్కరున్నట్టు. జనం మూడు రెట్లయితే ఎదురెదురు శ్వాసలు అంతకు మించి పెరుగుతాయి.

ఇదే లెక్కలో దారి కూడా ఉంది. ఆ ఐదు గంటల్లోనే ఒక్కొక్కరు పది నిమిషాలకు బదులు మూడు నిమిషాల్లో వెళ్లిపోతే, ఏ క్షణంలో చూసినా కౌంటరు ముందు ఇద్దరే ఉంటారు. పద్నాలుగు గంటలు తెరిచిన అంగడికన్నా పలచన. అంటే ప్రభుత్వం గంటలను కత్తిరించినా, ఒక మనిషి నిలబడే సమయాన్ని తగ్గించగలిగిన అంగడి ఆ కత్తిరింపు తెచ్చిన నష్టాన్ని తనే పూడ్చుకోగలదు. కొన్ని అంగళ్లు ఆ పని చేశాయి కూడా, ఎవరూ చెప్పకుండానే. సరుకుల చీటీని ముందురోజు రాత్రి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే పొద్దునకు మూట కట్టి, మీద ఇంటిపేరు రాసి, మొత్తం ఎంతో రాసి పెట్టేవాళ్లు. గుమ్మానికి అడ్డంగా బల్ల, బల్ల మీద మూట, ఫోన్‌లో డబ్బు. నెలనెలా పద్దు రాయించుకుని కొనే పాత ఖాతాదార్లకు ఇది మరీ సులువైంది, వాళ్ల ఇంట్లో ఏ నూనె, ఏ బియ్యం వాడతారో అంగడాయనకు ముందే తెలుసు గనక.

చీటీ లేని చోట జరిగింది వేరు. లాక్‌డౌన్‌లో ఇంటికొక్కరే బయటికి రావాలన్నప్పుడు చాలా ఇళ్ల నుంచి మగవాళ్లే బండెక్కారు. వంటింటితో పెద్దగా పొత్తు లేనివాళ్లు అంగట్లో నిలబడి ఇంటికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఉద్దిపప్పు పొట్టుదా, గుండుదా? చింతపండు కొత్తదా, పాతదా? వీడియో కాల్‌లో బెల్లం రంగు చూపించడం. ఒక్కో ప్రశ్నకు ఒక నిమిషం, ఆ నిమిషమంతా మాస్కు గడ్డం కింద.

మాస్కు చర్చలన్నీ పెట్టుకున్నారా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి. జరిమానా కూడా దాని మీదే. అంగడి దగ్గర నిలబడి చూస్తే తెలిసేది ఇంకొకటి. నడిచి వచ్చేటప్పుడు మాస్కు ఉంటుంది. సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడి వంతు కోసం చూసేటప్పుడు ఉంటుంది. కౌంటరు దగ్గరికొచ్చి, “అన్నా, అర కేజీ ఉర్లగడ్డ, కాల్ కేజీ తెల్లగడ్డ” అని చెప్పాల్సి వచ్చేసరికి వేలు ముక్కు మీదికి పోయి దాన్ని కిందికి లాగుతుంది. అటువైపు నుంచి “ఏందబ్బా?” అని అడిగే మనిషిదీ దిగుతుంది. సరుకు చెప్పడం అయ్యాక రెండూ పైకి. గుడ్డ అడ్డం ఉంటే మాట ముద్దగా వినిపిస్తుంది, పెదాలు కనపడవు, పక్కన ఆటోల రొద. కాబట్టి దించడం సహజమే. జబ్బు లెక్కలో మాత్రం అది తలకిందులు. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసేటప్పటికన్నా మాట్లాడేటప్పుడు బయటికొచ్చే తుంపరలు ఎక్కువ, గొంతు పెంచేకొద్దీ ఇంకా ఎక్కువ. గుండ్రంలో ఆరుబయట మౌనంగా నిలబడ్డప్పుడు మాస్కు అవసరం తక్కువ. మూడడుగుల దూరంలో, ఒకరి ముఖంలోకి ఒకరు చూస్తూ, గట్టిగా మాట్లాడేటప్పుడే దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువ.

అంగడి నిర్మాణం కూడా తోడైంది. మన సరుకుల అంగళ్లు చాలావరకు వీధివైపు తెరిచిన ఒక్క గది. ముందు కౌంటరు, వెనక గోడ దాకా అరలు, లోపలికి గాలి పోవడానికి వెనక కిటికీ ఉండదు. కొనేవాడు సగం వీధిలో ఉంటాడు, అమ్మేవాడు మాత్రం మూసిన కొనలో. పైగా కొనేవాడు పది నిమిషాలు ఉండి పోతాడు, అమ్మేవాడు ఐదు గంటలూ అక్కడే. ఆ రోజు వచ్చిన 200 మంది ఊపిరీ అతని వైపే వస్తుంది, అతనికి అంటుకుంటే అతని ఊపిరి మర్నాటి 200 మందికి పోతుంది. ఊరంతటిలో ఒక్క మంచి మాస్కు ఎవరికైనా ఇవ్వాలంటే ముందు అతనికివ్వాలి, అతని దగ్గర పొట్లాలు కట్టే పిల్లవాడికివ్వాలి. తొలినాళ్లలో ఎన్95లు ఆసుపత్రులకే చాలలేదు కాబట్టి అప్పుడు కుదరదు. 2021 నాటికి మెడికల్ షాపుల్లో దొరికాయి. అప్పుడూ జరిమానా వచ్చింది గానీ మాస్కు రాలేదు. మాస్కు లేని మనిషికి 100 రూపాయలు, అలాంటి వాళ్లను రానిచ్చిన దుకాణానికి పది వేల నుంచి పాతిక వేలు అని రాష్ట్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంత జరిమానా కట్టగలిగింది సూపర్ మార్కెట్టు. చిల్లర అంగడికి అది నెల లాభం. తెలిసిన ఖాతాదారుణ్ణి ముఖం మీద కసరలేక, జరిమానాకు భయపడి, చాలామంది కౌంటరు కొనకు ఓ మాస్కుల కట్ట వేలాడదీసి మధ్యేమార్గం పట్టారు.

మాస్కు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు, అడిగేది ఏ మాస్కు గురించి అన్నదాని మీద ఉంటుంది. ముఖానికి గుడ్డ కట్టుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. పిండిమిల్లు దగ్గర, మిరపకాయల గోతాల దగ్గర పనిచేసేవాళ్లు తువ్వాలును ముక్కు మీదుగా బిగించి కట్టుకోవడం అందరూ చూసిందే. ఆ తువ్వాలు పిండి దుమ్మును ఆపుతుంది, ఎందుకంటే ఆ రేణువులు పెద్దవి. మాటతో వచ్చే తుంపరల్లో సన్నవి ఊదొత్తి పొగలాగా గదిలో తేలుతూ గుడ్డ సందుల్లోంచి దూరతాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం నూలు, పట్టు, షిఫాన్ లాంటి గుడ్డలను పొరలు పొరలుగా పరీక్షించి, కొన్ని జతలు బాగానే వడకడతాయని చూపింది. దాంతోపాటే, అంచుల దగ్గర సందు ఉంటే ఆ వడకట్టే శక్తి 60 శాతానికి పైగా పడిపోగలదని కూడా చూపింది. గుడ్డ నాణ్యతకన్నా ముఖానికి అతుక్కోవడం ముఖ్యమని అప్పటికే తెలిసింది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇది రుజువు చేసి చూపాల్సిన పని లేదు. అద్దాలు మసకబారాయంటే ఊపిరి ముక్కు పక్కనుంచి పైకి పోతోందన్నమాటే.

2021 ఫిబ్రవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం దగ్గును అనుకరించే బొమ్మతో చేసిన పరీక్షలో సర్జికల్ మాస్కు ఒక్కటైనా, గుడ్డ మాస్కు ఒక్కటైనా దాదాపు సగం రేణువులనే ఆపింది. సర్జికల్ మీద గుడ్డది బిగించి కట్టినప్పుడు 85 శాతానికి పైగా ఆగాయి. రెండో అలలో మన దగ్గర డబుల్ మాస్కు సలహా వచ్చింది ఇందువల్లే. పైన గుడ్డది చేసే మేలు వడకట్టడం కన్నా, లోపలిదాన్ని బుగ్గలకు అదిమి పెట్టడం. కవాటం ఉన్న ఎన్95ల సంగతి చాలామందికి ఆలస్యంగా తెలిసింది. అవి పెట్టుకున్నవాడికి లోపలికొచ్చే గాలిని వడకడతాయి, వదిలే గాలిని మాత్రం కవాటంలోంచి నేరుగా ఎదుటివాడి మీదికి పంపుతాయి. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ వాటిని వాడొద్దని రాష్ట్రాలకు రాసింది. అప్పటికే ఊళ్లో అవి హోదాకు గుర్తయ్యాయి.

ప్రయోగశాల దాటి ఊళ్లలో చూసిన పెద్ద అధ్యయనం మన పొరుగున బంగ్లాదేశ్‌ది. 600 గ్రామాలు, మూడు లక్షలకు పైగా పెద్దవాళ్లు. సగం గ్రామాల్లో ఉచితంగా మాస్కులిచ్చి, ఎందుకో చెప్పి, మార్కెట్లలో, మసీదుల దగ్గర మనుషులను నిలబెట్టి పెట్టుకొమ్మని మెల్లగా గుర్తుచేశారు. పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలతో కూడిన, రక్తపరీక్షలో తేలిన కోవిడ్ మొత్తం మీద 9 శాతం పైచిలుకు తగ్గింది. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో 60 దాటినవాళ్లకు తగ్గుదల 35 శాతం దాకా కనిపించింది. గుడ్డ మాస్కుల ఊళ్లలో ఫలితం తేలలేదు. తరవాత, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్షను పట్టుకుని మాస్కులు దండగ అని కొందరు ప్రచారం చేశారు. ఆ సమీక్ష ఫలితం ఎటూ తేలనిదేనని, దండగ అని చెప్పేది కాదని కాక్రేన్ ప్రధాన సంపాదకురాలే వివరణ ఇచ్చారు. మాస్కు వేసుకోమని చెబితే ఎంత లాభం అన్నదీ, వేసుకుంటే ఎంత లాభం అన్నదీ వేరు వేరు ప్రశ్నలు. చర్చి వీధి కౌంటరు దగ్గర దిగే మాస్కు ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరమే.

ఈ వెలుగులో చూస్తే 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన పని తక్కువదేమీ కాదు. మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించి, కుట్టే పని డ్వాక్రా సంఘాల మహిళలకిచ్చింది. పనులన్నీ ఆగిన నెలల్లో ఇంట్లో కుట్టు మిషను ఉన్న ఆడవాళ్లకు అది నాలుగు డబ్బులు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ మార్చి కట్టుకోవడానికి, ఉతుక్కోవడానికి వీలు. గుడ్డ మాస్కు కాబట్టి రక్షణ కొద్దిదే. ఆ నెలకు అందుబాటులో ఉన్నది అదే. తప్పు పట్టాల్సింది తరవాతి ఏడాదిని. మెరుగైనవి దొరుకుతున్నా ప్రచారం మొదటి నెల దగ్గరే ఆగిపోయింది. పోస్టర్ల మీద సబ్బూ, గుడ్డ మాస్కూ, గజం దూరమే. కిటికీ తెరవండి, మాట తగ్గించండి, బిగుతైనది పెట్టుకోండి అన్న మాటలు గోడల మీదికి ఎక్కలేదు.

అంగడి నుంచి సరుకు వచ్చిన దారి వెంట పైకి పోతే ప్రమాదం ఇంకా చిక్కగా కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా కూరగాయలకు చెన్నై పెద్ద గిరాకీ. అక్కడి కోయంబేడు మార్కెట్టుకు రాత్రికి రాత్రి లారీలు, వ్యాన్లు వెళ్లి తెల్లారేసరికి తిరిగి వస్తాయి. లాక్‌డౌన్‌లోనూ నిత్యావసరం కాబట్టి ఈ రాకపోకలు సాగాయి. 295 ఎకరాల ఆ మార్కెట్టు ఏప్రిల్ ఆఖరుకు పెద్ద కేసుల పుట్టగా మారింది. 2020 మే 5న దాన్ని మూసి, వ్యాపారాన్ని ఊరి బయట తిరుమళిసైకి మార్చారు. అప్పటికే అక్కడికి వెళ్లొచ్చిన వ్యాపారులు, డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీల ద్వారా చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో కేసులు బయటపడ్డాయి. అంతకు ముందు నెలలో జిల్లాలో కేసులు ఎక్కువగా శ్రీకాళహస్తిలోనే. కోయంబేడు తరవాత అవి కూరగాయల దారి పట్టాయి.

ఇక్కడ గమనించాల్సింది జబ్బును మోసుకొచ్చింది టమోటా గంపలు కావన్నది. గంపను ఎత్తి దించినవాళ్లు, లారీ కేబిన్‌లో ముగ్గురు ఇరుక్కుని రాత్రంతా మాట్లాడుతూ ప్రయాణం చేసినవాళ్లు, వేలంపాటలో ఒకరి భుజం మీద ఒకరు పడి గొంతు చించుకున్నవాళ్లు. ఇంట్లో ఆ టమోటాను పసుపు నీళ్లలో నానబెట్టినవాళ్లకు వైరస్ తగిలే వీలు చాలా తక్కువ. దాన్ని మండీ నుంచి తెచ్చిన చిన్న వ్యాపారికి ఎక్కువ. అయినా ప్రచారమంతా కొనేవాడి చేతుల గురించే సాగింది, మోసేవాడి గురించి సాగలేదు. కోయంబేడు మూతపడ్డాక టమోటా రైతుకు జరిగింది ఇంకో వ్యాసం. మదనపల్లె మండీలో ధర పడిపోయి కోతకూలి కూడా రాని పరిస్థితిని ఆ వేసవిలో పడమటి మండలాలన్నీ చూశాయి.

2020 సెప్టెంబరు ఆఖరులో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో సేకరించిన సమాచారం మీదే చేసింది. దాదాపు 85 వేల మంది రోగులు, వాళ్లను కలిసిన అయిదు లక్షల 75 వేల మంది. అందులో 70 శాతం రోగులు తాము కలిసినవాళ్లలో ఎవరికీ అంటించినట్టు తేలలేదు. జబ్బును ఎక్కువమందికి పంచింది కొద్దిమందే. దగ్గరగా, ఎక్కువసేపు కలిసినవాళ్లలో 10.7 శాతానికి, పైపైన కలిసినవాళ్లలో 4.7 శాతానికి అంటుకుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్న మనిషికి ఇది చెప్పేది చాలా సూటిగా ఉంది. అంగట్లో నిలబడిన పది మందిలో ప్రతివాడూ సమానంగా ప్రమాదకరం కాదు. ప్రమాదం ఎవరి దగ్గరుందో ముందుగా తెలియదు. కాబట్టి ఎవరి దగ్గరున్నా అది ఎక్కువమందికి పాకకుండా గుంపును చిన్నదిగా, నిలబడే సమయాన్ని పొట్టిగా, గాలిని ఆడేలా ఉంచడమే పని. మాస్కు వీటికి తోడు మాత్రమే.

ఈ కొలతతో చూస్తే అప్పటి ఏర్పాట్లలో బాగా పనికొచ్చినవి కొన్ని పేరు తెచ్చుకోలేదు. రైతు బజార్లనూ మార్కెట్లనూ కప్పు కింది నుంచి మైదానాలకు మార్చడం వాటిలో మొదటిది. ఎండకు కూరగాయలు వాడిపోతున్నాయని అమ్మేవాళ్లు తిట్టుకున్నారు, నిజమే. గాలి విషయంలో మాత్రం అంతకన్నా మంచి పని ఆ రోజుల్లో ఇంకోటి జరగలేదు. రెండోది తోపుడు బండి. వీధిలోకి వచ్చిన బండి దగ్గర ఒకేసారి చేరేది నలుగురు ఆడవాళ్లు, అదీ ఆరుబయట, అయిదు నిమిషాలు. బేరం గట్టిగా సాగినా ఆ మాట గాలికి పోతుంది. భద్రమైన చోటు అనగానే జనానికి మనసులో మెదిలింది మాత్రం అద్దాల తలుపుల సూపర్ మార్కెట్టే. గుమ్మంలో శానిటైజరు, నుదుటికి గురిపెట్టే థర్మామీటరు. లోపల ఏసీ, మూసిన కిటికీలు, బిల్లింగ్ దగ్గర వరుస. లక్షణాలు రాకముందే అంటించగల జబ్బును థర్మామీటరు పట్టుకోదు. ఏసీ గదిలో అదే గాలి తిరుగుతుంది. శుభ్రంగా కనిపించడం వేరు, గాలి ఆడటం వేరు.

చౌకధరల దుకాణం కథ ఇంకోలా నడిచింది. 2020 మార్చి 29న ఉచిత బియ్యం, కిలో కందిపప్పు పంపిణీ మొదలైనప్పుడు డిపోల ముందు చాంతాడంత వరుసలు. వాలంటీర్ల చేత విడతలవారీగా పిలిపించడం, టోకెన్లు ఇవ్వడం తరవాత వచ్చాయి. 2021 జనవరి 21న రాష్ట్రంలో 9,260 వాహనాలు బయలుదేరాయి, ఇంటి ముందుకే రేషన్ తేవడానికి. కోవిడ్ కోసం పెట్టిన పథకం కాదది, ఎన్నికల హామీ. అయినా ఆ ఏప్రిల్, మే నెలల్లో రెండో అల విరుచుకుపడ్డప్పుడు బియ్యం తూకం డిపో వరండాలోంచి వీధి మధ్యకు వచ్చి ఉంది. దాని మంచిచెడ్డల మీద ఖర్చు గురించి, అక్రమాల గురించి వాదనలు చాలా జరిగాయి, గాలి గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. 2025 జూన్ 1 నుంచి ఆ బండ్లను తీసేసి పంపిణీని మళ్లీ డిపోలకు మార్చారు. 65 ఏళ్లు దాటినవాళ్లకూ దివ్యాంగులకూ ఇంటికే ఇస్తామన్నారు. మిగతా కార్డుదారులకు నెలలో మొదటి పక్షం రోజులు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 దాకా డిపో తెరిచి ఉంటుంది.